నడిచే సాంచను ముట్టొద్దు

లక్సెట్టిపేటలో మా ఆడబిడ్డ మనవరాలి పురుడుకని పోయాను. బస్సు దిగి నాలుగడుగులు వేశానో లేదో, గోడ మీద నుంచి ఆయన నన్ను చూసి నవ్వాడు. ఎనిమిది నెలల కింద చచ్చిపోయిన మనిషి! నిలువెత్తు ఫ్లెక్సీలో, ఇస్త్రీ అంగి వేసుకుని, చేతిలో ఏదో కాగితం పట్టుకుని, పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. నెత్తి మీద ఎర్రటి అక్షరాలతో, ఉట్నూరు అడవి మూలికలతో రక్త క్యాన్సర్ పూర్తిగా నయమని రాసి ఉంది. కింద పేరు, ఊరు, పక్క సందులోకి తిరగమని ఒక బాణం గుర్తు.

  పక్కనున్న మోరీ కాలువ దగ్గరికి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఒక చేతిలో బాలింతకు తీసుకుపోతున్న మిఠాయి డబ్బా. దారిన పోయేవాళ్లు ఎండకు కళ్లు తిరిగాయనుకుని నీళ్లు తాగమన్నారు. ఎండా కాదు, పాడూ కాదు. బతికున్నన్నాళ్లూ కంటికి కనబడ్డ ప్రతిదాన్నీ ఛీ అన్న మనిషిని తెచ్చి, ఛీ అనాల్సిన దానికి కాపలా నిలబెట్టారు.

ఆయన పేరు నేను రాయను. ఆ పేరును గోడకెక్కించి అమ్ముకునేవాళ్లు ఉన్నారు కదా, చాలు.

నేను కరీంనగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. ఇరవై ఏండ్లుగా జనం చేతులకు సూదులు గుచ్చి బతుకుతున్నాను. ఆయన చొప్పదండి పక్క ఊరి పద్మశాలి. మరమగ్గాలను మా దిక్కు సాంచలంటారు. ఆ సాంచల మధ్య ముప్పై ఏండ్లు నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినబడదనే నమ్మకంతో అరిచి మాట్లాడేవాడు. ఆయన మెట్లెక్కుతుంటేనే ల్యాబులో కూర్చున్నవాళ్లు ఎవరో కొట్లాటకు వచ్చారనుకునేవాళ్లు. కనుబొమ్మల్లో, చెవి వెంట్రుకల్లో ఎప్పుడూ ఇంత దూది నుసి ఉండేది.

మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోకముందే మా తలుపు పరదాను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాడు.

"ఛీ! గిది పరదనా? దోమతెరకు రంగేసిండ్రు!"

ఆ తర్వాత కింద హోటల్ నుంచి చాయ్ తెప్పిస్తే ఒక గుక్క తాగి, "ఛీ! గిది చాయ్ గాదు బిడ్డా, చాయ్ గిన్నె గడిగిన నీళ్లు" అన్నాడు. అని, మొత్తం తాగాడు. రక్తం తీశాక నేను అతికించిన దూదిని పీకి, వేళ్లతో విడదీసి చూసి దానికీ ఒక ఛీ పడేశాడు. బస్సు సీట్లకు ఛీ, రోడ్డుకు ఛీ, ఓట్లకొచ్చిన నాయకుడి మెడలో కండువాకు ఛీ. అది కోపం కాదు. పని సరిగా చేయనివాళ్లను చూస్తే ఆయనకు నిజంగా రోత పుట్టేది, అంతే.

ఆయనను చూస్తే నాకూ రోత పుట్టేది, అబద్ధం ఎందుకు! ఆయన తంబాకు నములుతాడు. ల్యాబులో ఉమ్మొద్దని నేను మొదటిరోజే గట్టిగా చెప్పాను. మరుసటిసారి నుంచి పాత పౌడరు డబ్బా ఒకటి వెంట తెచ్చుకునేవాడు. మూత తీసి, అందులో ఉమ్మి, మూత పెట్టి, ఆ డబ్బాను అన్నం గిన్నె ఉన్న సంచిలోనే పెట్టుకునేవాడు. మలమూత్రాలు పరీక్ష చేసే నాకే ఆ డబ్బాను చూస్తే ఒళ్లు జలదరించేది. "కాకా, నీకు ఛీ అనిపియ్యదా?" అని అడిగితే, "నా ఉమ్మి నాకెందుకు ఛీ? ఊరి మీద ఉమ్ముతున్ననా?" అని ఎదురడిగాడు. 

సూదికి ఎడమచెయ్యే ఇచ్చేవాడు. ఎడమచేతిలో నరం సన్నం, దొరకదు. కుడిచెయ్యి ఇయ్యి కాకా అని ఎంత బతిమాలినా వినడు. "అది ముడులేసే చెయ్యి. దానికి సూది వొడువొద్దు" అనేవాడు. ఒకసారి ఎడమచేతికి మూడు పోట్లు పొడిచాను. పండ్లు బిగబట్టుకున్నాడు కానీ కుడిచెయ్యి ఇవ్వలేదు. ఆ కుడిచేతి పని నేను చూశాను. నా ఏప్రాన్ చేతి అంచున ఒక పోగు వేలాడుతుంటే, దాన్ని తెగిన ఇంకో కొసకు కలిపి, రెండు వేళ్లతో అట్లా తిప్పి వదిలాడు. ఎక్కడ ముడేశాడో వెతికినా కనబడలేదు.

"ముడంటే కండ్లకు గానరావద్దు, చేతికి తాకద్దు, తెగద్దు" అన్నాడు. అదొక్కటే నాకు ఆయన ఛీ అనకుండా చూపించిన వస్తువు.

రోగం సంగతి చెప్పాలి. ఎడమ డొక్కలో బండ పెట్టినట్టుందని, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయని, లాగులు వదులయ్యాయని వచ్చాడు. రక్తం చుక్క గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్ర కణాల మధ్య అక్కడక్కడ కనబడాల్సిన తెల్లకణాలు జాతరలో జనంలాగా కిక్కిరిసి ఉన్నాయి. పండినవీ పచ్చివీ అన్నీ. మా డాక్టరమ్మను పిలిచాను. ఆమె చూసి, హైదరాబాద్ పెద్ద దవాఖానకు చీటీ రాసింది.

పదిహేను రోజులకు ఫైలు చంకలో పెట్టుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. "గాళ్లు జెప్పిండ్రు గని నాకు ఇనరాలే. మళ్ల మళ్ల అడుగుతె కసురుకుంటరని ఊకున్న. నువ్వు జెప్పు" అన్నాడు. ఫైలంతా ఇంగ్లీషు. చెప్పడం నా పని కాదు. కానీ ఆ మనిషి నా పెదవుల వంక చూస్తూ కూర్చున్నాడు. రక్త క్యాన్సర్ అని చెప్పి, ఒక రిపోర్టు కవరు తిరగేసి, పెన్ను తీసుకుని, బొమ్మ గీశాను.

"కాకా, బొక్కల లోపట మూలుగ ఉంటది గదా. రక్తం ఆడనే తయారైతది."

"ఊఁ."

"ఒక్కో కణానికి కబురు వస్తుంటది. పెరుగు అంటె పెరుగుతది, ఒకటి రెండైతది. చాలు అని ఇంకో కబురొస్తె ఆగుతది."

"పోగు తెగంగనే సాంచ ఆగినట్టు."

"ఆఁ, గట్లనే. ఇప్పుడు నీ మూలుగల ఒక కణంల రెండు పోగులు తెగినయి. తెగి ఊకోలే. దీని కొస దానికి, దాని కొస దీనికి ముడివడ్డయి."

ఆయన ముఖం చూడాలి అప్పుడు. క్యాన్సర్ అన్న మాటకు కూడా అట్లా కాలేదు.

"ఛీ! అడ్డముడా? ఏ సోయిలేనోడు ఏసిండు?"

"ఎవలెయ్యలే కాకా. అదంతటదే వడ్డది."

"ముడి అదంతటదే వడదు బిడ్డా. చెయ్యి లేంది ముడి లేదు."

ఈ ఒక్కదాని దగ్గర ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. తంబాకు తిన్నందుకు కాదు, పాపం చేసినందుకు కాదు, ఎవరో చేతబడి చేసినందుకూ కాదు. ఊరికే, కారణం లేకుండా ఒక తప్పుముడి పడిందంటే ఆయనకు అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం అర్థమైందా ఏంటి? పుస్తకంలో ఉన్నది చెప్పాను.

"ఆ ముడి కాడ ఒక మీట తయారైంది కాకా. దానికి ఆగుడు తెల్వది. బయటికెళ్లి ఎవ్వలు కబురు వెట్టకున్నా పెరుగు పెరుగు అని ఒక్కటే తీరుగ మొత్తుకుంటది. కణాలు గది ఇనుకుంట పెరుగుతనే ఉన్నయి."

 ఆయన మెల్లగా, ఆ గొంతుకు అది గుసగుస కిందే లెక్క, "తీగ గట్టిన సాంచ" అన్నాడు.

అదేమిటో ఆయనే చెప్పాడు. సాంచకు చిన్న ఇనుప పంజా ఒకటి ఉంటుందట. అడ్డం పోగు ఉందా లేదా అని అది తడుముకుంటూ ఉంటుంది. పోగు లేకపోతే సాంచను ఆపేస్తుంది. మాటిమాటికి ఆగితే గజాలు పడవు, కూలి పడదు. అందుకని కొందరు ఆ పంజాను తీగతో కట్టేస్తారు. ఇక సాంచ ఆగదు. పోగు తెగినా, బట్ట గాలికి నేసినట్టు సందులు సందులుగా వచ్చినా ఆగదు. అట్లా తీగ కట్టేవాళ్లతో ఆయన ఒక బీడీ కూడా పంచుకునేవాడు కాదట. "మన్ను దింటరు గాళ్లు" అనేవాడు. "నా ఒంట్ల తీగ గట్టిండ్రన్నట్టు" అని తన డొక్క మీద చెయ్యి వేసుకున్నాడు.

"దానికి గోలి ఉన్నది కాకా. గోలి పోయి గా మీట సందుల ఇరుక్కుంటది. మీట ఆడది, కబురు పోదు."

"అంటె తీగ ఇప్పుతది."

ఇప్పదు. గోలీ తీగ విప్పదు, ముడి విప్పదు. మీటను పట్టుకుని ఉంటుంది, అంతే. పట్టు వదిలితే మీట మళ్లీ ఆడుతుంది. అది నాకు తెలుసు. తెలిసీ ఏమన్నానంటే:

"ఆఁ, గట్లనే అనుకో."

ఎందుకన్నాను? బొమ్మ బాగా కుదిరింది. ముప్పై ఏండ్ల సాంచల మనిషి నా మాటకు తలూపుతున్నాడు. ఇంకొక మాట చేరిస్తే ఆ బొమ్మ చెడిపోతుందనిపించింది. ఆయన లేస్తూ, "గిట్ల జెప్పాలె. గింతసేపట్ల నాకు ఒక్క ఛీ రాలే" అన్నాడు. ఆ మాటను నేను ఇంట్లో వారం రోజులు చెప్పుకు తిరిగాను. తూ, నా మొహానికి!

గోలీలు హైదరాబాద్‌లో పైసలు తీసుకోకుండా ఉత్తగనే ఇచ్చేవాళ్లు. మూడు నెలలకొకసారి పోయి తెచ్చుకోవాలి. పోయేముందు నా దగ్గర రక్తం ఇచ్చిపోయేవాడు. డొక్కలో బండ కరిగింది. లాగులు మళ్లీ బిగుతయ్యాయి. పరదాను, చాయ్‌ని తిట్టడం మామూలే. నేను గాజుపలక చూసి వచ్చేదాకా తలుపు దగ్గర నిలబడి, "ఎట్లున్నది సాంచ?" అని అరిచేవాడు. కూర్చున్న పేషెంట్లు నన్ను వింతగా చూసేవాళ్లు. "నడుస్తున్నది కాకా, మెల్లగ" అని నేనూ అరిచేదాన్ని.

ఏడాదిన్నరకు ఒక రిపోర్టు వచ్చింది. అన్ని కణాలూ ఉండాల్సినంతే ఉన్నాయి. నాకు సంతోషం ఆగలేదు. కవరులో పెట్టి చేతికిస్తూ, "నీ సాంచ బాగైంది పో, కాకా!" అన్నాను.

ఆయన కాగితాన్ని వేళ్లతో రుద్దాడు. దానికీ ఛీ అంటాడని చూశాను. అనలేదు. "నడిచే సాంచను ముట్టొద్దు" అన్నాడు. అది వాళ్ల షెడ్లలో మాటట. మిస్త్రీ వచ్చి బాగు చేశాక, సాంచ మంచిగా నడుస్తుంటే ఎవ్వరూ దాని మీద చెయ్యి పెట్టరు. స్క్రూ తిప్పరు, నూనె చుక్క కూడా వెయ్యరు. ముట్టుకుంటే మళ్లీ చెడుతుందని. మిస్త్రీ పానాలు సంచిలో వేసుకుని పోవాల్సిందే. ఆ మాటకు నేను నవ్వాను. బాగుందే, అనుకున్నాను. ఇంకో కొత్త సామెత దొరికిందని మురిసిపోయాను. ఆయన ఏం చెబుతున్నాడో నాకు బుర్రకెక్కలేదు.

ఆ తర్వాత ఎనిమిదినెలలు ఆయన రాలేదు. నేను ఫోను చేయలేదు. ఊరి దగ్గర ఇంకేదో ల్యాబు తెరిచారు, అక్కడికి పోతున్నాడేమో అనుకున్నాను. ల్యాబులో అరుపులు లేక హాయిగా ఉందని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను.

ఎనిమిదినెలల తర్వాత మెట్ల మీద అరుపు లేకుండా వచ్చాడు. భార్య రెక్క పట్టుకుని ఎక్కించింది. ఆమెను అదే మొదటిసారి చూడటం. నూలు కండెలు చుట్టీ చుట్టీ వేళ్లు కాయలు కాసిన మనిషి. నేను చిన్నమ్మా అని పిలిచాను. ఆయన చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. తంబాకు డబ్బా లేదు. పరదాను ముట్టలేదు. కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి చాపాడు.

"ఎడమచెయ్యి గదా, కాకా?"

"గిదే తీస్కో బిడ్డా. ముడులు ఇగ వడ్తలెవ్వు."

 నరం దొరికింది. లావు నరం, ఒక్క పోటుకే.

గాజుపలక చూశాను. ఇప్పుడవి పండినవీ పచ్చివీ కలిసిన జాతర కాదు. అన్నీ పచ్చివే. పెద్దపెద్దవి, ఎందుకూ పనికిరానివి. బయటికొచ్చి, ఆయనకు కనబడేలా ముఖం దగ్గరగా పెట్టి అడిగాను.

"గోలి ఏస్తున్నవా, కాకా?"

"ఎందుకు? తీగ ఇప్పినంక ఇగ దేనికి? నడిచేదాన్ని ముడుతరా?"

"ఎన్నొద్దుల సంది?"

"నువ్వు బాగైందన్న నాటి సంది."

 చిన్నమ్మ మెల్లగా, "ఉత్తగ లేడు బిడ్డా. బలానికని పొడి దింటుండు. మా తమ్ముడు లక్సెట్టిపేటకు తోల్కపోయిండు" అని సంచిలోంచి ఒక పొట్లం తీసింది. విప్పి వాసన చూశాను. బెల్లం, దాని కింద ఏదో కుళ్లిన వాసన. ఉట్నూరు అడవిలో గోండు వైద్యుడు చెప్పిన మూలిక అట! ఆ పొడి అమ్మేవాడు ఉట్నూరు అడవిని బస్సు కిటికీలోంచి కూడా చూసి ఉండడు. అడవిలో ఉండేవాళ్ల పేరు కూడా వీళ్లకు సరుకే. పొట్లాన్ని రక్తం దూది పడేసే పసుపుపచ్చ సంచిలో వేశాను. అప్పుడు నా నోరు ఆగలేదు.

"ఛీ! పరదకు పేరువెడితివి, చాయ్‌కు పేరువెడితివి, లోకంల ఏదీ నీ కంటికి ఆనకపాయె! గీ మన్ను ఎట్ల మింగినవ్ కాకా? నీ సోయి ఏడవోయింది?"

ల్యాబులో అందరూ చూస్తున్నారు. చిన్నమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఆయనకు వినబడిందో లేదో! నా పెదవుల వంక చూడలేదు. నా ఏప్రాన్ చేతి వంక చూస్తున్నాడు. అక్కడ ఒక పోగు వేలాడుతోంది. ఆ పోగును పట్టుకున్నాడు. కొస వెతికాడు. వేళ్లు రెండుసార్లు తిప్పాడు, మూడోసారి తిప్పాడు. ముడి పడలేదు. పోగును అట్లాగే వదిలేసి లేచాడు.

హైదరాబాద్‌లో మళ్లీ అదే గోలీ మొదలుపెట్టారు. ఈసారి అది పట్టలేదు. ఈ ఎనిమిది నెలల్లో మీట ఆకారమే మారిందని, పాత గోలీ దాని సందులో ఇమడటం లేదని మా డాక్టరమ్మ చెప్పింది. ఇంకో రకం గోలీ ఇచ్చారు. రెండునెలలు గడిచాయో లేదో, పోయాడు. పోయినట్టు నాకు ఎవరూ కబురు చేయలేదు. ఎందుకు చేస్తారు, నేను సూదులు గుచ్చే మనిషిని.

పెద్దకర్మ అయ్యాక చిన్నమ్మ ఒక్కతే వచ్చింది. చేతిలో కండెలు వేసుకునే గంప. అందులో కండెలు లేవు. మూడునెలల గోలీ డబ్బాలు, ఒక్కటీ విప్పనివి. నేను బాగైందన్నాక హైదరాబాద్ పోయినప్పుడు ఇచ్చినవి. ఆ ఎనిమిదినెలలూ సాంచల షెడ్డులో, ఆయన నిలబడే చోట, చేతికందే దూరంలో గూట్లో ఉన్నాయట.

"ఎవలికన్న పనికొస్తయా బిడ్డా? పారెయ్యబుద్ధి గాలే."

"వెయ్యమని నువ్వన్నా జెప్పకపోతివా, చిన్నమ్మా?" అన్నాను. ఎంత నీచంగా అన్నానో అన్నాకగానీ తెలియలేదు.

ఆమె నన్ను తిట్టలేదు. గంప అంచు సవరించుకుంటూ, "జెప్పిన బిడ్డా. రోజు జెప్పిన. 'నీకేం దెల్సు, తీగ ఇప్పిండ్రు, సాంచ బాగైందని ల్యాబుల బిడ్డనే జెప్పింది' అన్నడు. ఎవ్వల మాట ఇనని మనిషి. నీ మాటకు ఛీ అనలే గదా, గందుకే నేను గుడ ఊకున్న" అంది.

ఆమె పోయాక ఆ గంప ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పొడి అమ్మినవాడిని తిట్టుకున్నాను. తోలుకపోయిన బామ్మర్దిని తిట్టుకున్నాను. అన్నీ తెలిసిన పెద్దమనిషిలా ఊరందరికీ వంకలు పెట్టి, చివరికి ఒక కాగితం ముక్కను నమ్మిన ఆయనను కూడా తిట్టుకున్నాను. అన్నీ అయ్యాక నా వంతు వచ్చింది. 

ఇక లక్సెట్టిపేట సంగతి.

మోరీ దగ్గర నుంచి కదిలి ఫ్లెక్సీ దగ్గరికి పోయాను. పురుడు సంగతి మరిచిపోయాను. దగ్గరికి పోతే ఆయన చేతిలో కాగితం స్పష్టంగా కనబడింది. అదేదో పొడి మందు చీటీ అనుకున్నాను. కాదు. మా ల్యాబు రిపోర్టు. జనం చదువుకోవాలని దాన్ని పెద్దది చేసి, పక్కన ఇంకోసారి అచ్చు వేశారు. అన్ని అంకెలూ సరిగ్గా ఉన్న ఆ రిపోర్టు. ఆయన ఒక్క చెంచా పొడి కూడా తినకముందు, ఏడాదిన్నర గోలీ తిన్న తర్వాత వచ్చిన రిపోర్టు. కింద ఎడమపక్క, టెక్నీషియన్ అని ఉన్నచోట నా సంతకం. పొడి అమ్మేవాడికి సాక్షి సంతకం నేనే పెట్టాను.

ఫ్లెక్సీ పక్కనే, సందు మొదట్లో చిన్న ఇల్లు. అరుగు మీద పదిమందిదాకా కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లో దవాఖాన కవర్లు. గడప దగ్గర ఒకడు చీటీలు పంచుతున్నాడు. ఎవరో ముసలాయన ఫ్లెక్సీ వంక చూపిస్తూ, "గాయినకు నిజంగనే బాగైందట" అని పక్కవాడితో అంటున్నాడు. ఆ పక్కవాడు చేతులెత్తి ఫ్లెక్సీకి దండం పెట్టాడు. పరదాకు కూడా దయ చూపని మనిషికి! బతికుంటే ఎంత పెద్ద ఛీ అనేవాడో.

నా సంచిలో ఎప్పుడూ ఒక మార్కరు ఉంటుంది, రక్తం సీసాల మీద పేర్లు రాసేది. నీళ్లకు పోదు, స్పిరిటు తగిలితే తప్ప చెరగదు. మిఠాయి డబ్బా కింద పెట్టి, మూత తీశాను. పెద్దగా అచ్చు వేసిన కాగితం మీద, నా సంతకం పక్కనుంచి మొదలుపెట్టి, వీలైనంత పెద్ద అక్షరాలతో రాశాను:

ఈయన చచ్చిపోయిండు. దవాఖాన గోలి ఆపిండు.

చీటీలవాడు ఉరికొచ్చాడు. "ఏయ్ అమ్మా! ఏం రాస్తున్నవ్? ఎవలనుకున్నవ్? ఎవల బ్యానరు అది?"

"బ్యానరు నీదే. కాయితం నాది. సంతకం జూడు. నా కాయితం మీద నేను రాసుకుంటున్న."

"పోలీసోళ్లకు ఫోన్ జేస్త!"

"చెయ్యి. జల్ది చెయ్యి. నేను గీడనే ఉంట."

వాడు చెయ్యలేదు. లోపలికి పోయాడు, ఎవరినో పిలుచుకు రావడానికి. అరుగు మీద జనం లేచి నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు నన్ను తిట్టారు; ఉన్న ఒక్క ఆశనూ చెడగొడుతున్నానట.  వాళ్లు అన్నది అబద్ధం కాదు.

నలభై ఏండ్ల ఆడమనిషి ఒకతె అరుగు దిగి ఫ్లెక్సీ దగ్గరికి వచ్చింది. వేలితో అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. "చచ్చి... పోయిండు" అని పైకే అంది. ఆయన ముఖం చూసింది, నా ముఖం చూసింది. తర్వాత కొంగు ముడి విప్పి, నలిగిన గోలీల రేకు ఒకటి తీసి నా ముందు పెట్టింది. చిన్నమ్మ గంపలో ఉన్నవి కూడా అవే గోలీలు.

"గీ గోలేనా, అక్కా? నా పెనిమిటిది. మొన్న రిపోర్టు మంచిగొచ్చింది."

అక్కడే మెట్టు మీద ఆమెను కూర్చోబెట్టి నేనూ కూర్చున్నాను. బొమ్మ గీయలేదు. మీట అనలేదు, తీగ అనలేదు, సాంచ ఊసే ఎత్తలేదు.

"గిదే గోలి. రోజు. దవాఖాన డాక్టర్లు ఆపుమనేదాక రోజు" అన్నాను. "బాగైనంక గుడ, చెల్లె. బాగైనంక గుడ రోజు."